పూలమొక్కకు పొరుగు ఎవరు?

ఇల్లు కట్టుకునేవారు ముందుగా ఇరుగుపొరుగు ఎట్లాంటివారో విచారిస్తారు. మొక్క నాటేవారు మాత్రం ఆ శ్రద్ధ అంతగా చూపరు. ఖాళీగా కనిపించిన చోట గుంట తవ్వి, చేతిలో ఉన్న మొక్కను పెట్టి, నీళ్ళు పోసి ఊరుకుంటారు. తరువాత అది ఎందుకు వడలిందో, పక్కది ఎందుకు విజృంభించిందో తెలియక నేలను, ఎరువును నిందిస్తారు. అనేక సందర్భాలలో దోషం నేలదీ కాదు, ఎరువుదీ కాదు, పొరుగుది.

ఈ విషయం బాగా తెలియజెప్పే పువ్వు హాలీహాక్. శాస్త్రజ్ఞులు దీనిని అల్సియా రోజియా అంటారు. ఇది మన మందారానికి, బెండకు, గోంగూరకు, పత్తికి దగ్గరి చుట్టం. అన్నీ ఒకే కుటుంబంలోనివి. నిటారుగా అయిదారు అడుగులు, సారవంతమైన నేలలో ఎనిమిది అడుగుల వరకు పెరుగుతుంది. కాండం పొడవునా గిన్నెల వంటి పూలు క్రింది నుంచి పైకి వరుసగా విచ్చుకుంటూ పోతాయి. తెలుపు, గులాబి, పసుపు, నలుపును తలపించే ముదురు ఎరుపు మొదలైన రంగులెన్నో ఉన్నాయి. ఉత్తర భారతంలోనూ, హైదరాబాదు వంటి చోట్లా వర్షాకాలం చివర విత్తితే చలికాలంలో ఎదిగి, వేసవి ముదరక ముందే పూస్తుంది.

ఇంత అందగత్తెకూ ఒక లోపం ఉంది. పైన పూలు నవ్వుతుండగా అడుగున ఆకులు ఎండి రాలిపోతాయి. కాండం మోకాళ్ళ వరకు బోసిగా మిగులుతుంది. ఆ బోసితనాన్ని కప్పడానికే చాలామంది దాని పాదాల వద్ద మరొక మొక్కను నాటుతారు. కాని తోడు మొక్క చేయవలసిన పని తెర కట్టడమొక్కటే కాదు. అది నీటిని పంచుకోవాలి, గాలిని ఆపకూడదు, రోగాన్ని మోసుకురాకూడదు, హద్దు దాటకూడదు. ఈ చివరి నియమం ప్రధాన భూభాగంలో ఉన్నవారికి చిన్నదిగా తోచవచ్చు. ద్వీపంలో ఉన్నవారికి అదే మొదటిది.

ద్వీపంలో ఒక పెరడు

దక్షిణ అండమాన్‌లో, 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌ను ఆనుకుని ప్రోతరాపూర్ అనే ఊరు ఉంది. ఈ ద్వీపాలలో తెలుగువారు కొత్తవారు కారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవులలో నూటికి 13 మందికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు వీరిలో అనేకం. తెలుగు ఇల్లు ఉన్నచోట గుమ్మానికి బంతిపూలు, జడకు కనకాంబరాలు, వాకిట తులసి ఉండాలని కోరుకోవడం సహజం. వీటి సరసన ఒక వరుస హాలీహాక్ నిలపాలని ఒక గృహిణి ముచ్చటపడిందనుకుందాం. ఆమె ఎట్లా ఆలోచించవలసి ఉంటుంది?

మొదట వాతావరణాన్ని చూడాలి. హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన కురిస్తే, ఇక్కడ 3,000 మిల్లీమీటర్ల దాకా కురుస్తుంది. నైరుతి ఋతుపవనం మన దేశంలో తొలి అడుగు పెట్టేది ఈ దీవులలోనే. మే నెల మూడవ వారం ప్రాంతంలో ఆ వాన మొదలవుతుంది. అది తగ్గుతుండగానే ఈశాన్య ఋతుపవనం వచ్చి డిసెంబరు వరకు తడుపుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ వరకు మాత్రం ఆకాశం తెరిపి ఇస్తుంది. చలికాలమన్న మాటకు ఇక్కడ అర్థం లేదు. రాత్రి వేళ కూడా ఉక్క తగ్గదు.

అందువలన రెండవ ఏట పూసే హాలీహాక్ రకాలు ఇక్కడ నిరాశ కలిగిస్తాయి. వాటికి పూమొగ్గ తొడగడానికి చలి సోకాలి. విత్తిన ఏడాదే పూసే రకాలను ఎంచుకోవడం మేలు. నవంబరు మొదట వాన తగలని చూరు క్రింద తొట్టెలో విత్తితే వారం, రెండు వారాలలో మొలకెత్తుతాయి. నాలుగైదు ఆకులు వచ్చాక, అంటే డిసెంబరు నడుమ, మడిలో నాటవచ్చు. ఇట్లా చేస్తే పూత తెరిపి నెలలలో పడి, మే వానకు ముందే ముగుస్తుంది. దీవిలో హాలీహాక్ నాలుగైదు నెలల అతిథి అని ముందే అంగీకరించినవారు సుఖపడతారు.

నేల విషయం మరొకటి. కొండవాలు నేలలపై ఏళ్ళ తరబడి కురిసే వాన సారాన్ని కడిగివేస్తుంది. మట్టి పులుపు తిరుగుతుంది. హాలీహాక్‌కు అంత పులుపు గిట్టదు. బాగా మాగిన పశువుల ఎరువుతో పాటు, నాటడానికి కొన్ని వారాల ముందు కొద్దిగా వ్యవసాయ సున్నం గాని, పొయ్యి బూడిద గాని కలపాలి. తీరాన దొరికే పగడపు ముక్కలను పొడిచేసి వాడదామన్న ఆలోచన కొందరికి కలగవచ్చు. అది తప్పు, పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద రక్షణ ఉంది. మడిని నేల మట్టం కంటే జానెడు ఎత్తు చేస్తే వేళ్ళ వద్ద నీరు నిలవదు. ఈ మొక్క తల్లివేరు లోతుకు దిగుతుంది. కనుక కుదురుకున్న తరువాత దానిని కదిలించరాదు. దాని పక్కన పైపైన వేళ్ళు పరిచే మొక్కలనే ఎంచాలి.

చుట్టాలను దూరంగా ఉంచండి

పూల రూపు కలుస్తుందని చాలామంది హాలీహాక్ పక్కన మందారాన్ని నాటుతారు. వెనుక నాలుగు బెండమొక్కలు, గట్టున గోంగూర వేస్తారు. ఇవన్నీ ఒకే కుటుంబం కనుక కలిసిమెలిసి ఉంటాయని అనుకోవడం పొరపాటు. ఒకే కుటుంబం వాటికి శత్రువులూ ఒకరే. పిండినల్లి, పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమ ఒక మొక్క నుంచి మరొక మొక్కకు మెట్లెక్కినట్లు సాగిపోతాయి. బెండకు పల్లాకు తెగులును అంటించేది తెల్లదోమే. ఒక చుట్టానికి జబ్బు చేస్తే తక్కిన చుట్టాలందరూ మంచమెక్కుతారు. బెండ, గోంగూర పెరటికి ఒక వైపున ఉంటే, హాలీహాక్ మరొక వైపున ఉండాలి. నడుమ వేరే కుటుంబపు మొక్కలుండాలి.

ఒకే జాతి మొక్కలను గుంపుగా పెంచితే ఏమవుతుందో హాలీహాక్ చరిత్రే చెబుతుంది. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలంలో ఇంగ్లండులోని సాఫ్రన్ వాల్డెన్ అనే ఊళ్ళో విలియం చేటర్ అనే మొక్కల వ్యాపారి ముద్దపూల హాలీహాక్ రకాలను రూపొందించి పేరు పొందాడు. ఆ రోజులలో అక్కడ ఈ పువ్వుకు గొప్ప మోజు. ప్రదర్శనలు, పోటీలు జరిగేవి. ఇంతలో తుప్పు తెగులు వచ్చిపడింది. దక్షిణ అమెరికాలోని చిలీ నుంచి వచ్చిన నమూనాలలో 1852లో శాస్త్రజ్ఞులు వర్ణించిన ఈ శిలీంధ్రం 1869లో స్పెయిన్‌లో, 1873లో ఇంగ్లండులో కనిపించింది. ఒత్తుగా పెంచిన తోటలలో అది కార్చిచ్చులా వ్యాపించింది. చేటర్ పెంచిన తోటలు నాశనమైనాయి. ఆయన పేరు మోసే ముద్దపూల రకం విత్తనాలు నేటికీ అమ్ముడవుతున్నాయి. ఆ తెగులూ నేటికీ వదలలేదు.

ఆకు అడుగున నారింజ రంగు పొక్కులు, పైన పసుపు మచ్చలు కనిపిస్తే అది తుప్పు తెగులు. గాలి, వాన చినుకుల తుంపర దానిని పైఆకులకు చేరవేస్తాయి. తడి ఎక్కువైన దీవులలో దీనిపై కన్ను వేసి ఉంచాలి. మొక్కకు మొక్కకు రెండు అడుగుల ఎడం ఉంచడం, నీరు ఆకులపై పోయక మొదట్లో పోయడం, మట్టి తుళ్ళకుండా కొబ్బరి పీచు గాని, ఎండుటాకులు గాని పరచడం, మచ్చ కనిపించిన ఆకును వెంటనే తుంచి పాతిపెట్టడం మంచి మందులు. తుంచిన ఆకును ఎరువు గుంటలో వేయరాదు. తోడు మొక్క ఎంపికలో కూడా ఈ సంగతి మరువరాదు. హాలీహాక్ మొదళ్ళను ఒత్తుగా కమ్మి గాలి ఆడనీయని మొక్క ఎంత అందమైనదైనా తోడు కాదు, తెగులుకు దాపు.

తగిన తోడు

పన్నెండు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు గల ఒక మడిని తీసుకుందాం. ఎండ బాగా తగిలే గోడకు ఒక అడుగు ఎడంగా వెనుక వరుసలో అయిదు హాలీహాక్ మొక్కలు చాలు. సముద్రపు గాలికి ఒరగకుండా ఒక్కొక్కదానికి వెదురు ఊత కట్టాలి.

నడి వరుసకు బంతిని మించినది లేదు. రెండడుగుల ఎత్తు పెరిగి, హాలీహాక్ బోసి కాండాన్ని సరిగ్గా కప్పుతుంది. వేళ్ళను గంటలు కట్టించే నులిపురుగులను అణచే రసాయనం బంతి వేళ్ళలో ఉంది. అయితే నాలుగు మొక్కలు నాటగానే పురుగు మాయమవుతుందని ఆశించరాదు. మడి నిండా ఒత్తుగా కొన్ని నెలలు పెంచినప్పుడే ఆ ఫలితం తెలుస్తుంది. కనుక ఏటా బంతి మడి చోటు మారుస్తూ పోతే పెరడంతా కొన్నాళ్ళకు లాభపడుతుంది. వాన చూరు క్రింద సకాలంలో నారు పోసుకుంటే సంక్రాంతి గొబ్బెమ్మలకు కూడా పూలు అందుతాయి. బంతి నడుమ జినియా, కాస్మోస్ కలపవచ్చు. వీటి పలుచని పొదలలో గాలి ధారాళంగా ఆడుతుంది.

ముందు వరుసకు బిళ్ళగన్నేరు, గడ్డిగులాబి శ్రేష్ఠం. తెరిపి నెలలలో నీటికి కరువు వచ్చినా ఇవి తట్టుకుంటాయి. ఒక మూల తులసి ఉంటే దాని వెన్నులకు తేనెటీగలు వస్తాయి. వచ్చినవి హాలీహాక్ పూలను కూడా పలకరించి పోతాయి.

కనకాంబరానికి కొంత నీడ ఉన్నా ఇబ్బంది లేదు. దానికి నులిపురుగుల బెడద ఎక్కువ కనుక, మునుపటి ఏడు బంతి ఉన్న మడిలో వేయడం తెలివైన పని. మందారం కావాలనుకునేవారు పెరటి మరొక కొసన దానిని శాశ్వతంగా నిలపవచ్చు. ఏడాది పొడవునా పూసే ఆ మొక్కకు ఈ దీవుల వాన, ఉక్క రెండూ అనుకూలమే. తేనెపిట్టలు దానిని వెదుక్కుంటూ వస్తాయి. దాని పలుచని నీడలో పసుపు, అల్లం చక్కగా పెరుగుతాయి.

ఇక కూరల మాట. దీవిలో ఒక గజం నేల విలువ ప్రధాన భూభాగంలోని గజం వంటిది కాదు. విశాఖపట్నం నుంచి ఓడ ఇక్కడికి చేరడానికి రెండున్నర, మూడు రోజులు పడుతుంది. బయటి నుంచి వచ్చే కూరగాయల ధరలో ఆ ప్రయాణమూ కలిసి ఉంటుంది. 2004 డిసెంబరు 26 నాటి భూకంపం, సునామీలతో దక్షిణ అండమాన్‌లో నేల కుంగింది. సిప్పీఘాట్ వంటి పల్లపు చోట్ల సాగుభూములలోకి ఉప్పునీరు వచ్చి నిలిచిపోయింది. పొలాన్ని కోల్పోయిన చోట పెరడు పొలం వలె విలువైనదవుతుంది. కాబట్టి పూల మడిలో కొంత భాగం కంచానికి కూడా పనికి రావాలని కోరుకోవడం న్యాయం. హాలీహాక్ నడుమ ఎడంలో, అవి ఎదగని మొదటి రెండు నెలలలో, మెంతి, కొత్తిమీర, తోటకూర చల్లితే అవి పెరిగి కోతకు వచ్చేసరికి పూలమొక్కలు పైకి లేస్తాయి. ఎవరి చోటు వారికి దక్కుతుంది.

తోడు అన్నది స్థలంలోనే కాదు, కాలంలో కూడా ఉంటుంది. ఏప్రిల్ చివర హాలీహాక్ పూత ముగిసి, విత్తనాలు ముదిరిన తరువాత మొక్కలను తీసివేసి, అదే వెదురు ఊతలపై బచ్చలిని పాకించవచ్చు. వానకు, ఉక్కకు బచ్చలి వెరవదు. పైగా వాన మొదలయ్యేనాటికి నేల బోసిగా ఉండకుండా ఆకులు కప్పుతాయి; మట్టి కొట్టుకుపోదు. మడి ఏడాది పొడవునా ఖాళీ లేకుండా పని చేస్తుంది.

నీరు, నత్త

జనవరి నుంచి ఏప్రిల్ వరకు హాలీహాక్‌కు నీరు కావలసిన కాలం. ద్వీపంలో నీరు కొరవడే కాలమూ అదే. తాగునీటిని పూలకు పోయడం ఏ గృహిణికీ మనసొప్పదు. వర్షాకాలంలో కప్పు మీది నీటిని తొట్టెలో పట్టి, దోమలు చేరకుండా మూత వేసి ఉంచడం మొదటి ఉపాయం. బియ్యం, కూరలు కడిగిన నీళ్ళను మడికి మళ్ళించడం రెండవది. రెండు మొక్కల నడుమ ఒక మట్టికుండను మెడ వరకు పాతి, నీరు నింపి, మూత పెట్టడం మూడవది. కుండ చెమర్చిన మేరకు వేళ్ళు తాగుతాయి. ఎండకు ఆవిరయ్యే నష్టం తగ్గుతుంది. ఒకే కుండ నీటిని పంచుకునే మొక్కల దాహం ఒకే తీరుగా ఉండాలన్నది ఇక్కడ తేలికగా అర్థమవుతుంది. కొద్ది తడి చాలు అనే గడ్డిగులాబిని కుండకు దూరంగా, హాలీహాక్‌ను దగ్గరగా ఉంచాలి.

లేత మొక్కలకు మరొక శత్రువు ఆఫ్రికా పెద్దనత్త. ఇది ఈ దీవుల ప్రాణి కాదు. 1942 నుంచి 1945 వరకు అండమాన్ జపాను సైన్యం ఆక్రమణలో ఉన్నప్పుడు ఇక్కడికి చేరింది. పాలకులు వెళ్ళిపోయారు, నత్త ఉండిపోయింది. రాత్రివేళ బయలుదేరి ఒక్క పూటలో నారుమడిని నున్నగా మేసివేయగలదు. సాయంకాలం తడి గోనెపట్టా పరచి, క్రింద బొప్పాయి ఆకులు, కాబేజీ తొక్కలు ఉంచితే నత్తలు అక్కడికి చేరతాయి. తెల్లవారి వాటిని ఏరి ఉప్పునీటిలో వేయాలి. ఒట్టిచేతితో ముట్టరాదు. మెదడుకు హాని చేసే ఒక పరాన్నజీవిని ఇవి మోయగలవు. కనుక ఆ మడిలోని ఆకుకూరలను బాగా కడిగి, ఉడికించి తినాలి. ఎండుటాకుల పరుపు నత్తకు దాగుడుచోటు కాగలదు. నారు లేతగా ఉన్నన్నాళ్ళు దానిని మొదళ్ళకు జానెడు దూరంలో ఉంచాలి.

హద్దు దాటే అతిథులు

నత్త కథలోని నీతి మొక్కలకూ వర్తిస్తుంది. తెలుగునాట చెరువులను కమ్ముకున్న గుర్రపుడెక్కను ఎవరెరుగరు? దక్షిణ అమెరికాలో పుట్టిన ఆ మొక్క మన దేశానికి ఊదాపూల అందం వల్లనే వచ్చింది. అడవి అంచులను ఆక్రమించిన పులికంప కూడా ఒకనాటి తోట అలంకారమే. నేలపై దట్టంగా పాకి పసుపుపచ్చని చామంతి వంటి పూలు పూసే వెడీలియాను ఎందరో గట్టు పచ్చదనం కొరకు నాటుతారు. హాలీహాక్ పాదాలను కప్పడానికి అదే సులభమైన మార్గంగా తోస్తుంది. కాని కణుపు తగిలిన ప్రతి చోటా అది వేరూనుతుంది. తుంచి పారవేసిన ముక్క కాలువ వెంట పోయి మరొక చోట మొలుస్తుంది. ప్రపంచంలో మిక్కిలి హానికరమైన నూరు దురాక్రమణ జీవుల పట్టికలో దానికి చోటు దక్కింది. అండమాన్‌లో కూడా అది పెరళ్ళు దాటి వ్యాపించింది.

ప్రధాన భూభాగంలో ఒక మొక్క హద్దు దాటితే పక్క పొలం వారు పోట్లాడతారు. ద్వీపంలో హద్దు దాటితే పక్కనున్నది అడవి. అడవికి నోరు లేదు. అక్కడి మొక్కలు, ప్రాణులు అనేకం ఆ దీవులలో తప్ప మరెక్కడా లేవు. అందువలన తోడు మొక్కను ఎంచేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. విరిగిన ముక్క దానంతట అది వేరూనుతుందా? పిట్టలు దాని కాయలను తిని దూరంగా విత్తనం వేస్తాయా? ఒక ఏడు పెరికివేస్తే మరుసటి ఏడు ఉండకుండా పోతుందా? మొదటి రెండింటికి కాదని, మూడవదానికి అవునని జవాబు వస్తేనే నాటాలి. బంతి, జినియా ఈ పరీక్షలో సులువుగా నెగ్గుతాయి. వెడీలియా మొదటి ప్రశ్నకే ఓడిపోతుంది.

ప్రధాన భూభాగం నుంచి వచ్చేటప్పుడు మట్టితో సహా కుండీలను తేవడం మానాలి. ఆ పిడికెడు మట్టిలో నులిపురుగులు, చీమలు, నత్త గుడ్లు, కలుపు విత్తనాలు దాగి ఉండవచ్చు. శుభ్రమైన పొడి విత్తనాల పొట్లం తెచ్చుకోవడం తేలిక, క్షేమం. సందేహం కలిగినవారు ప్రోతరాపూర్‌కు సమీపంలోని గరాచర్మలో ఉన్న కేంద్రీయ ద్వీప వ్యవసాయ పరిశోధన సంస్థను సంప్రదించవచ్చు. 1978లో స్థాపితమైన ఆ సంస్థ పని ఈ దీవుల నేలకు, వానకు తగిన పంటలను పరిశీలించడమే.

తోట మొదలు పెట్టేవారికి ఒక చిన్న సలహా. తొలి ఏడు అయిదు హాలీహాక్ మొక్కలు, పది బంతి, ఒక వరుస బిళ్ళగన్నేరు, గుప్పెడు మెంతులు చాలు. ఏ నెలలో ఏ ఆకు పండింది, ఏ మొక్క పక్కన ఏది బాగా పూసింది అన్నది ఒక పాత నోటుపుస్తకంలో వ్రాసుకోండి. రెండవ ఏటికి ఆ పుస్తకం ఏ గ్రంథమూ చెప్పలేని సంగతులు చెబుతుంది. ఎందుకంటే మీ గోడ నీడ, మీ కప్పు నీరు, మీ వాలు మట్టి మీ పెరటివే. వాటికి ఒప్పిన పొరుగును కుదర్చవలసినవారు మీరే.